రాజు లేని ఏడాదిలో రాజు ఇచ్చిన భూమి: వర్జీనియా పేటెంట్ మీద ఒక కేస్ స్టడీ

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పాత భూమి రికార్డులు చదివి కుటుంబాల వంశచరిత్ర తేల్చడం నా వృత్తి. ఈ కేసును రాయడానికి ఎంచుకున్నందుకు కారణం ఉంది. 17వ శతాబ్దపు భూ పేటెంటును, అంటే ప్రభుత్వం ఒకరికి భూమి రాసిచ్చిన పత్రాన్ని, చదివేటప్పుడు ఎక్కడెక్కడ దారి తప్పే అవకాశం ఉందో అన్నీ ఈ ఒక్క ఫైలులోనే ఎదురయ్యాయి. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లూ, కౌంటీ (మన జిల్లాలాంటిది) పేరూ తీసేశాను. ఎకరాలూ తేదీలూ, వాదన చెడకుండా, కొద్దిగా మార్చాను.

నేపథ్యం

వర్జీనియాలో భూమి ఎలా పంచారో అర్థం కావాలంటే ముందు ఆ వలసను నడిపిన వర్జీనియా కంపెనీ ఖజానా ఎలా ఖాళీ అయిందో చూడాలి. 1606 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ ఇచ్చిన అధికారపత్రం, అంటే చార్టర్‌తో వర్జీనియా కంపెనీ మొదలైంది. మరుసటి ఏడాది మే నెలలో జేమ్స్‌టౌన్ వెలిసింది. 1609 నాటి రెండో చార్టర్ తర్వాత 12 పౌండ్ల 10 షిల్లింగులకు ఒక వాటా చొప్పున లండన్‌లో అమ్మారు. ఏడేళ్ల తర్వాత లాభాలు పంచుతామన్నది ఒప్పందం. 1616లో ఆ గడువు వచ్చేసరికి పంచడానికి సొమ్ము లేదు. బంగారం దొరకలేదు, గాజు తయారీ నిలవలేదు, జాన్ రాల్ఫ్ మొదలుపెట్టిన పొగాకు అప్పుడప్పుడే లండన్ బజారుకు చేరుతోంది. కంపెనీ తనదని చెప్పుకోగలిగింది భూమి ఒక్కటే. సొమ్ముకు బదులు దాన్నే పంచింది.

1618 నవంబరులో గవర్నర్ జార్జ్ యార్డ్‌లీకి ఇచ్చిన ఆదేశాలు ఈ పద్ధతిని స్థిరపరిచాయి. 1616కు ముందే వచ్చిన పాతకాపులకు 100 ఎకరాలు. ఆ తర్వాత వచ్చేవాళ్ల విషయంలో, ఓడ ఖర్చు ఎవరు భరిస్తే వాళ్లకు తలకు 50 ఎకరాలు. దీనికే హెడ్‌రైట్ అని పేరు. ఆ 50 ఎకరాల మీద ఏటా ఒక షిల్లింగు శిస్తు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే హక్కు ప్రయాణించినవాడిది కాదు, ఖర్చు పెట్టినవాడిది. ఈ ఒక్క నియమం మనసులో లేకపోతే వర్జీనియా పేటెంటులో ఏ పేరూ సరిగ్గా అర్థం కాదు.

కంపెనీ ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. 1622 మార్చిలో పౌహటన్ అనే మూలవాసులు చేసిన దాడిలో 347 మంది వలసదారులు చనిపోయారు. అప్పులూ, వాటాదారుల తగాదాలూ ముదిరి 1624 మేలో చార్టర్ రద్దయింది. వర్జీనియా నేరుగా రాజు కిందికి వెళ్లింది. కానీ కంపెనీ తన చేతిలో డబ్బు లేక కనిపెట్టిన చెల్లింపు పద్ధతి మాత్రం అలాగే నిలిచింది. 1634లో ఇంగ్లండ్ రాజు సలహామండలి ప్రివీ కౌన్సిల్ దాన్ని ఖాయం చేసింది. ఆ శతాబ్దం ముగిసేదాకా అది నడిచింది.

వచ్చిన సమస్య

దక్షిణాది రాష్ట్రంలో స్థిరపడిన ఒక కుటుంబం తమ పూర్వీకుడి మీద నివేదిక కావాలని వచ్చింది. తొలి వలసదారుల వారసుల సంఘం ఒకదానిలో సభ్యత్వం కోసం దరఖాస్తు పెట్టాలి. వాళ్ల దగ్గర రెండు తరాల కిందట టైపు చేయించిన ఇంటి చరిత్ర ఉంది. దాని ప్రకారం, ఆ పూర్వీకుడు 1655లో తొమ్మిది మంది నౌకర్లతో వర్జీనియాలో దిగాడు. రాజు అతని సేవలకు మెచ్చి యార్క్ నదికి ఉత్తరాన 500 ఎకరాలు బహుమతిగా ఇచ్చాడు. రుజువుగా పేటెంటు సారాంశం కూడా జతచేశారు: 500 ఎకరాలు, పది మందిని తెచ్చినందుకు, కింద పది పేర్లు, మొదటిది అతనిదే.

ఇంకో చిక్కు ఉంది. 1640ల తొలినాళ్లలో నదికి దక్షిణాన వేరొకరు తీసుకున్న 600 ఎకరాల పేటెంటులో పన్నెండు పేర్లున్నాయి, తొమ్మిదో పేరు అచ్చం ఇదే. ఇంటి చరిత్ర రాసినవారు ఇతన్ని “అదే పేరుగల వేరొక నౌకరు” అని పక్కన పెట్టేశారు. పైగా వంశవృక్షంలో ఆ నౌకరు కూడా ఇద్దరయ్యాడు. ఒకడు 1641లో వచ్చాడట, ఇంకొకడు 1642లో.

కాబట్టి ప్రశ్నలు మూడు. ఇంతకీ మనుషులు ఎంతమంది? పూర్వీకుడు ఎప్పుడు వచ్చాడు? 500 ఎకరాలు అతని చేతికి ఏ దారిలో వచ్చాయి?

మూడింటిలో తేలికైన ముడిని ముందు విప్పాను. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది; 1752 దాకా అదే లెక్క. దక్షిణపు పేటెంటు ఫిబ్రవరి నాటిది. రాతప్రతిలో 1641 అని ఉంటే మన లెక్కలో అది 1642. రెండు సారాంశాల్లో రెండు ఏళ్లు పడేసరికి ఒక్క పేటెంటు రెండుగా, ఒక్క మనిషి ఇద్దరుగా మారిపోయారు.

రాజు సంగతి కూడా అక్కడే తేలింది. 1649 జనవరిలో రాజు మొదటి చార్లెస్ తల నరికారు. 1652లో వర్జీనియా పార్లమెంటు ఏలుబడికి లొంగింది. 1655లో గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ డిగ్స్‌ను ఎన్నుకున్నది వర్జీనియా సభే. ఆ ఏడాది భూమి బహుమతిగా ఇవ్వడానికి ఇంగ్లండ్‌కు రాజే లేడు. ఈ సంగతి కుటుంబానికి తొలి లేఖలోనే చెప్పాను. నివేదిక చివరిదాకా దాచి ఒక్కసారిగా చెబితే మిగతా ఆధారాలన్నిటి మీదా వాళ్లకు అనుమానం మొదలవుతుంది. ఒక నమ్మకం సడలడానికి మనిషికి కాస్త వ్యవధి కావాలి.

ఏమేమి ప్రయత్నించాం, ఏవి ఫలించలేదు

కుటుంబం అడిగిన మొదటి పని ఓడ జాబితా వెతకడం. అడగడం సహజమే. కానీ ఆ కాలంలో వర్జీనియాకు వచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా ఒక క్రమంలో నమోదు కాలేదు. 1635లో లండన్ రేవు నుంచి బయలుదేరినవాళ్ల పట్టిక మిగలడం అరుదైన అదృష్టం. దానిలో ఈ పేరు లేదు. లేకపోవడం వల్ల ఏమీ రుజువు కాదని నివేదికలో రాసి ఆ దారి మూసేశాను.

రెండోది కౌంటీ కోర్టు పుస్తకాలు. వీలునామా, పెళ్లి, అప్పు, తగాదా అన్నీ అక్కడే ఉండాలి. ఈ కౌంటీవి లేవు. అమెరికా అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని చాలా కౌంటీలు తమ పుస్తకాలను రిచ్మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్ 3న నగరం వదిలి వెళ్తున్న దక్షిణాది సైన్యం గిడ్డంగులకు నిప్పు పెట్టింది, ఆ మంటలు వ్యాపించి ఆ పుస్తకాలూ కాలిపోయాయి. కాలనీ ఉన్నత న్యాయస్థానం రికార్డులూ వాటితోనే పోయాయి. భూ కార్యాలయపు పేటెంటు పుస్తకాలు మాత్రం మిగిలాయి. అందుకే ఈ ప్రాంతంలో భూమి పుస్తకాలకు అంత ప్రాధాన్యం.

మూడోది ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు. ఈ పేరుతో, సరిపోయే వయసుతో బాప్తిస్మాలు వేర్వేరు జిల్లాల్లో దొరికాయి. కుటుంబంలోని పెద్దావిడకు వాటిలో ఒకటి బాగా నచ్చింది. ఆ ఊళ్లో ఓ పాత భవంతి కూడా ఉంది. “ఇదే అయివుంటుంది కదా, రాసేయండి” అన్నారు. నేను ఒప్పుకోలేదు. పేరు కలవడం వేరు, మనిషి ఒకడే అని తేలడం వేరు. ఆ ఇద్దరినీ కలిపే మూడో విషయం, అంటే తండ్రి పేరో, వృత్తో, వాంగ్మూలమో లేకుండా ఒక ఊరిని రాసేస్తే రేపు అది ఇంటర్నెట్‌లోని ప్రతి వంశవృక్షంలోకీ పాకుతుంది. తర్వాత దాన్ని పెకలించడం ఎవరి తరమూ కాదు.

ఏది పనిచేసింది

సారాంశాన్ని వదిలి అసలు రాతప్రతి చిత్రాన్ని తెరిచాను. సారాంశంలో పేర్లు, ఎకరాలు, ఏరు పేరు ఉంటాయి. అసలులో పేర్ల కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: చివరి తొమ్మిది హక్కులు ఫలానా వ్యాపారి నుంచి బదలాయింపుగా వచ్చాయి. కేసు అక్కడే మలుపు తిరిగింది.

ఇది ఎలా సాధ్యమో చెప్పాలి. పేటెంటు కావాలంటే ముందు ఫలానావాళ్లను నా ఖర్చుతో తెచ్చానని కౌంటీ కోర్టులో ప్రమాణం చేయాలి. కోర్టు ధ్రువపత్రం ఇస్తుంది. దాన్ని జేమ్స్‌టౌన్‌లో కార్యదర్శి కార్యాలయానికి తీసుకెళితే భూమి హక్కు కాగితం వస్తుంది. సర్వేయర్ గొలుసుతో కొలుస్తాడు. ఆఖరున గవర్నర్ సంతకం, ముద్రతో పేటెంటు. మూడేళ్లలోగా ఇల్లు కట్టి పంట వేయకపోతే భూమి పోతుంది. ఈ మెట్లలో ఎక్కడైనా కాగితాన్ని ఇంకొకరికి అమ్మవచ్చు. ఓడ కెప్టెన్లూ వ్యాపారులూ భూమి అక్కరలేక కాగితాలు అమ్మేసేవారు. ఒకే మనిషి తల మీద కెప్టెన్ ఒకసారి, వ్యాపారి ఒకసారి, చివరికి కొనుక్కున్న రైతు ఒకసారి హక్కు పొందిన ఉదంతాలు కోకొల్లలు. మన ఊళ్లో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతామే, పేటెంటు వెనక కూడా అలాంటి గొలుసే ఉంటుంది. చివరి కాగితం ఒక్కటే చూస్తే కథ తెలియదు.

వ్యాపారి పేరు దొరికింది కాబట్టి ఇక వెతకాల్సింది పూర్వీకుడిని కాదు, వ్యాపారిని అని నిశ్చయించుకున్నాను. అతను ఒకే కౌంటీలో వ్యాపారం చేసి ఉండడు. పక్క కౌంటీ పుస్తకాలు కాలిపోలేదు. 1653 నాటి పుటలో అతనికి ఇచ్చిన ధ్రువపత్రం ఉంది, తొమ్మిది మందిని తెచ్చినందుకు. పేర్లు అదే వరసలో ఉన్నాయి, రెండు స్పెల్లింగులు మాత్రం మారాయి. ఇంటి చరిత్రలోని “తొమ్మిది మంది నౌకర్లు” పూర్వీకుడితో రాలేదు. అతనికంటే ముందు, వేరే ఓడలో, వేరేవాడి ఖర్చుతో వచ్చారు. వాళ్లలో చాలామందిని అతను కళ్లతో చూసి ఉండకపోవచ్చు. అతను కొన్నది వాళ్ల పేరు మీది కాగితాలే.

అయితే అతనే ఆ దక్షిణపు పేటెంటులోని నౌకరా అన్నది ఇంకా తేలలేదు. తొమ్మిది హక్కులు కొనగలిగిన స్తోమతు ఉంది కాబట్టి నౌకరు అయివుండడని కుటుంబం వాదన. ఈ వాదన నిలవదు. ఒప్పంద కాలం, సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్లు, ముగించుకుని పొగాకు పండించి భూమి సంపాదించినవాళ్లు ఆ తరంలో చాలామంది ఉన్నారు. కానీ “చాలామంది ఉన్నారు” అనేది ఈ ఒక్క మనిషికి రుజువు కాదు. అందుకే అదే పక్క కౌంటీ పుస్తకాలను పేరు సూచిక మీద ఆధారపడకుండా పుట పుటా చదివాను. పాత సూచికల్లో వాది, ప్రతివాది పేర్లుంటాయి, సాక్షుల పేర్లు తరచూ ఉండవు.

1657లో ఒక హద్దు తగాదా. దక్షిణపు 600 ఎకరాల వారసుడికీ పొరుగువాడికీ ఒక తెల్ల ఓకు చెట్టు దగ్గర పేచీ. సాక్షి వాంగ్మూలం ఇలా మొదలవుతుంది: వయసు 34 లేదా అటూఇటుగా. అతను చెప్పిన సారం, తాను ఆ ఇంటి యజమాని కింద నౌకరుగా ఉన్న రోజుల్లో సర్వేయర్ గొలుసు మోశానని, ఆ ఓకు చెట్టుకు మూడు గాట్లు పెట్టడం కళ్లారా చూశానని. పేరు మన పూర్వీకుడిదే. నివాసం చెప్పేచోట నదికి ఉత్తరాన ఉన్న ఏరు పేరు చెప్పాడు. 1655 పేటెంటు భూమి ఆ ఏటి ఒడ్డునే ఉంది.

ఇద్దరూ ఒకడే. 1642 ఫిబ్రవరి పేటెంటుకు ముందే సర్వే జరిగింది, ఆ సర్వేలో గొలుసు మోశాడు. కాబట్టి 1641కల్లా ఇక్కడ ఉన్నాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. 1655 అనేది అతను వచ్చిన సంవత్సరం కాదు, సొంత భూమి సంపాదించుకున్న సంవత్సరం.

మరి 1655లో తన పేరునే పదో హక్కుగా ఎలా వాడుకున్నాడు? అతని తల మీద అప్పటికే ఒకరు 50 ఎకరాలు తీసుకున్నారు కదా. మధ్యలో ఇంగ్లండ్ వెళ్లి సొంత ఖర్చుతో తిరిగి వచ్చి ఉంటే రెండోసారి హక్కు వస్తుంది. లేదంటే కార్యాలయంలో ఎవరూ సరిచూడక సాగిపోయింది. రెండూ ఆ రోజుల్లో మామూలే. తేల్చే ఆధారం లేదు కాబట్టి నివేదికలో రెండూ రాశాను, ఏదీ ఎంచుకోలేదు.

ఇక వారసుల సంగతి. వీలునామా కాలిపోయింది. ఆ లోటును భూమితోనే పూడ్చాను. పేటెంటులోని దిక్కులు, కొలతలతో పటం గీశాను. అప్పటి కొలత పోలు, పదహారున్నర అడుగులు. 160 చదరపు పోళ్లు ఒక ఎకరం. ఏటి నుంచి లోపలికి 320 పోళ్లు, ఒడ్డు వెంట 250. గుణించి 160తో భాగిస్తే సరిగ్గా 500. చుట్టూ ఉన్న పొరుగు పేటెంట్లను కూడా అదే కొలతలో గీసి అంచులు కలిపాను. 1680ల నాటి ఒక పొరుగు పేటెంటు తన హద్దును “ఫలానావాడి కొడుకుల గీత” అని చెబుతోంది. తర్వాత 1704 శిస్తు జాబితా తీశాను. భూస్వామి పేరు, ఎకరాలు తప్ప దానిలో ఏమీ ఉండదు. అదే ఇంటిపేరుతో ఆ కౌంటీలో ఇద్దరున్నారు. ఒకరికి 350 ఎకరాలు, ఇంకొకరికి 150. కూడితే 500. ఆ మొత్తం ఒక్కటే చూపితే యాదృచ్ఛికం అనవచ్చు. పొరుగు పేటెంటులోని హద్దుతో కలిపి చూస్తే, భూమి ఎవరికీ అమ్ముడుపోకుండా ఇద్దరు కొడుకుల మధ్య పంపకమైందని చెప్పడానికి గట్టి ఆధారం.

పటంలో కనిపించిన ఇంకో గీత

తూర్పు హద్దు కొంత దూరం “ఇండియన్ల కాలిబాట”, అంటే అక్కడి మూలవాసుల దారి, వెంట సాగుతుంది. ఈ మాట ఆ కాలపు పేటెంట్లలో తరచూ కనిపిస్తుంది, చాలామంది పరిశోధకులు దాన్ని ఒక చెట్టు గుర్తులాగే దాటేస్తారు. నేను దాటలేకపోయాను. 1646 ఒప్పందంలో యార్క్ నదికి ఉత్తరపు నేల పౌహటన్ ప్రజలకే వదిలేస్తామని ఇంగ్లీషువాళ్లు రాసిచ్చారు. అందుకు బదులుగా వాళ్ల నాయకుడు నెకొటోవాన్స్ ఏటా, పెద్దబాతులు వలసపోయే వేళకు, ఇరవై బీవర్ (నీటిలో తిరిగే బొచ్చు జంతువు) తోళ్లు కట్టాలి. 1649లోనే ఆ ఉత్తరపు నేలను వలసదారులకు తెరిచేశారు. 1650ల తొలినాళ్లలో అక్కడ పేటెంట్లు వరదలా వచ్చాయి, మన 500 ఎకరాలూ వాటిలో భాగమే. ఆ కాలిబాటలో నడిచినవాళ్లను ఎవరూ అడగలేదు. పౌహటన్లలోని పమంకీ, మటపొనై తెగల ప్రజలు ఇప్పటికీ ఆ దగ్గరలో తమకు కేటాయించిన నేలల్లో (రిజర్వేషన్లలో) ఉన్నారు.

ఇదే సమయంలో మన తీరంలో జరిగింది వేరు. 1639లో ఇంకో చార్టర్డ్ కంపెనీ అయిన ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే మద్రాసులో కోట కట్టుకోవడానికి దామెర్ల వెంకటప్ప నాయకుడి చేత అనుమతి పత్రం రాయించుకున్నాడు. అక్కడ నేలను ఏలేవాణ్ణి అడగక తప్పలేదు. వర్జీనియాలో తమ రాజు రాసిచ్చిన కాగితమే చాలనుకున్నారు.

తొమ్మిది పేర్లలో ఆఖరిది పేరు కాదు. “ఒక నీగ్రో స్త్రీ” అని మాత్రమే ఉంది. ఆమె తల మీద కూడా 50 ఎకరాలు వచ్చాయి. ఈ వరసను నివేదికలో పెట్టాలా అని కుటుంబంలో చర్చ జరిగింది. పెట్టకపోతే నేను సంతకం చేయనని చెప్పాను. 500లో పదో వంతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పని నివేదికను భూమి చరిత్ర అనడానికి నాకు మనసు ఒప్పదు. పెద్దావిడ వారం తర్వాత ఫోను చేసి ఉంచమన్నారు. హెడ్‌రైట్ జాబితాల్లో ఇలాంటి మనుషులు ఎందరో. 1635లో జార్జ్ మెనిఫీ అనే వ్యాపారి పేటెంటులో “టోనీ, ఈస్ట్ ఇండియన్” అని ఒక పేరుంది. అమెరికా రికార్డుల్లో కనిపించే తొలి భారతీయుల్లో అతనొకడు. అతని గురించి ఆ జాబితా చెప్పేది, అతని వల్ల ఇంకొకరికి 50 ఎకరాలు దక్కాయన్నదే.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చే జూనియర్లకు మొదట చెప్పేది ఇదే. పేటెంటు తేదీ మనిషి వచ్చిన తేదీ కాదు, కాగితం ముగిసిన తేదీ. “ఈ తేదీకల్లా” అని రాయాలి, “ఈ తేదీన” అని కాదు. జాబితాలోని ప్రతి పేరునూ నౌకరు అనుకోకూడదు. భార్యలు, పిల్లలు, తిరిగొచ్చిన యజమానులు కూడా అందులోనే ఉంటారు. పేటెంటుదారు పది మందిని తెచ్చిన సంపన్నుడని కూడా అనుకోకూడదు. సారాంశం దారి చూపడానికే, రుజువుకు రాతప్రతే. మనిషి దొరకనప్పుడు అతనితో కాగితం పంచుకున్నవాణ్ణి వెతకాలి. సొంత కౌంటీ కాలిపోతే నది అవతలి ఒడ్డు చూడాలి, ఆ కాలంలో అందరూ పడవ మీదే తిరిగారు.

సంఘం దరఖాస్తును అంగీకరించింది. వచ్చిన సంవత్సరం గడిలో “1641 లేదా అంతకు ముందు” అని, హోదా గడిలో “ఒప్పంద సేవకుడు, తర్వాత భూస్వామి” అని పంపాం. పుట్టిన ఊరి గడి ఖాళీగా ఉంచాం. ప్రస్తుతం దక్షిణపు 600 ఎకరాల యజమాని ఇంగ్లండ్‌లో ఏ ఊరివాడో వెతుకుతున్నాను. అలాంటివాళ్లు తమ చుట్టుపక్కల ఊళ్ల నుంచే కుర్రవాళ్లను తెచ్చుకోవడం తరచూ కనిపిస్తుంది. అతని వీలునామా ఇంగ్లండ్‌లో నమోదై ఉంటే, పెద్దావిడ ఎంచుకున్న బాప్తిస్మంతో సహా ఆ రిజిస్టర్లన్నిటినీ మళ్లీ తెరవడానికి ఒక కారణం దొరుకుతుంది.